రేడియం ఎక్కించిన చొక్కాలు

జాకెట్ల కోసం కొట్లాడామని చెబితే ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ఆ చలికాలం రోడ్డు వెడల్పు పనిలో మేం కొట్లాడింది జాకెట్ల కోసమే.

అప్పటిదాకా మా ఒంటి మీద ఉన్నవి బస్తాలో కుక్కి తెచ్చిన చేతుల్లేని గుడ్డలు. మొదటి వారం నిమ్మపండు రంగు, రెండో వారం ఊరబెట్టిన నిమ్మకాయ రంగు, ఆ తర్వాత నేల తుడిచే గుడ్డ రంగు. వాటి మీద బూడిద రంగు పట్టీ ఒకటి కుట్టి ఉండేది. అది మెరిసేది కాదు, మెరుస్తున్నట్టు నటించేది. లారీల వాళ్ళకి మేం కనబడాలని ఇచ్చామన్నారు. పొగమంచులో పక్కనున్న మనిషికే మేం కనబడేవాళ్ళం కాదు.

నేను తారు పరిచే మెషీన్‌కి ముందు రోడ్డు ఊడ్చే గుంపులో ఉండేదాన్ని. నన్ను పేరుతో ఎవరూ పిలవరు. మైకు అంటారు. చదివింది తక్కువ, అరిచింది ఎక్కువ. అక్క, బావ, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వెనక గది వంటకీ పడకకీ. ముందు గది మొత్తం అక్క ఇస్త్రీ బల్లే. వీధిలో సగం మంది ఒంటి మీద ముడతలు తీసేది మా అక్క. బావ మా సైటులోనే జెండా మనిషి. తారు మోసుకొచ్చే టిప్పర్లని మెషీన్ దాకా వెనక్కి రప్పించడం ఆయన పని. చేతిలో ఎర్రజెండా, నోట్లో ఈల. టిప్పరు వెనక చక్రాలకీ మెషీన్‌కీ మధ్య ఉండే జాగాలో ఆయన బతుకు.

ఒకరోజు పొద్దున్నే అందరి చేతా ఆ గుడ్డలు విప్పించి మేనేజరు కారు అద్దం మీద కుప్ప పోయించాను. ఆయన కిందకి దిగి చూశాడు. తిట్టలేదు. తిట్టకపోతే నాకు అనుమానం.

"సరే. మంచివి కొంటాం. మీరే ఎంచుకోండి. ముగ్గురు రండి."

అలా జాకెట్ల కమిటీ పుట్టింది. నేను, రోలరన్న, బావ. రోలరన్న అంటే రోడ్డు రోలరు నడిపేవాడు. మనిషి కూడా దాని లాగే నెమ్మది. కమిటీ పేరు బయటికి పొక్కగానే సైటంతా ఒకటే నవ్వు.

"జాకెట్లు ఎంచడానికి ఇద్దరు మొగాళ్ళెందుకే మైకూ? చీరలు కూడా వాళ్ళే చూస్తారా?"

"బావా, కొలతలివ్వాలంట. సిగ్గుపడకుండా నిలబడు," అన్నాను నేను.

"మరదలు తీసుకునే కొలతలకి సిగ్గేంటి? మీ అక్కకి చెప్పకు," అన్నాడు బావ.

ఆఫీసు రేకుల గదిలో కొట్టతను మూడు రకాలు పరిచాడు. సేఫ్టీ సారు మా ఎదురుగా కూర్చున్నాడు. చిన్నవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి మొహం. చెడ్డవాడు కాదు, కానీ ఫోను మోగితే ఎదుటి మనిషి మాయమైపోతాడు.

మొదటిది నారింజ రంగు. రోలరన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. "గుడ్డ దళసరిగా ఉంది. చలికి బాగుంటుంది."

"తొడుక్కుని బయటికి రండి," అన్నాడు సేఫ్టీ సారు. రోలరన్నని తవ్వే మెషీన్ పక్కన నిలబెట్టి, మమ్మల్నిద్దర్నీ దూరంగా తీసుకెళ్ళాడు. మెషీన్‌ది కూడా అదే రంగు. రోలరన్న తల, రెండు చేతులు కనబడ్డాయి. మధ్యలో మనిషి మెషీన్‌లో కలిసిపోయాడు.

"ఇది నిన్ను దాచడానికి పనికొస్తుందన్నా, అప్పులవాళ్ళు వచ్చినప్పుడు వేసుకో," అన్నాడు బావ.

రెండోది నిమ్మ రంగే. పట్టీలు ముందు వైపు మాత్రం ఉన్నాయి. తిప్పి చూస్తే వీపు నున్నగా ఉంది.

"టిప్పరు ముందు నుంచే గుద్దుతుందని రాసిచ్చిందా?" అని కొట్టతన్ని అడిగాను. అతను దాన్ని మడిచి సంచిలో పెట్టేశాడు.

మూడోది నిమ్మ రంగు. నడుం చుట్టూ రెండు వరసలు, రెండు భుజాల మీదుగా వీపుకి దిగే పట్టీలు. జెండా మనిషికి నిండు చేతులు, చేతుల చుట్టూ కూడా పట్టీలు. మెడ దగ్గర తెల్ల లేబుల్. దాని మీద ప్రమాణం నెంబరు, తరగతి అంకె, కింద చీమలంత బొమ్మలు ఏవో. లేబుల్ ఉంటే అసలు సరుకు, లేకపోతే నకిలీ. మా కమిటీకి తెలిసిన చట్టం అంతే.

సేఫ్టీ సారు తలుపు మూయించి, కిటికీకి అట్ట అడ్డం పెట్టించాడు. బావని గోడకి నిలబెట్టాడు. టార్చి తీసి చెంపకి ఆనించుకున్నాడు.

"ఇలా కంటి పక్కనే పట్టుకోవాలి. డ్రైవరుకి కన్నూ లైటూ ఒకే వైపు ఉంటాయి కదా. ఇప్పుడు చూడండి."

నేను టార్చి తీసుకుని చెంపకి పెట్టుకున్నాను. బావ మొహం లేదు. కాళ్ళు లేవు. నిప్పుతో గీసినట్టు చొక్కా ఒక్కటే గోడకి నిలబడి ఉంది.

"అబ్బ! రేడియం బాగా ఎక్కింది దీనికి," అన్నాడు రోలరన్న.

"ఎండలో పెడితే ఇంకా ఎక్కుతుంది," అన్నాడు బావ గోడ దగ్గర నుంచి.

మేం మెరిసేదాన్నల్లా రేడియం అనేవాళ్ళం. బండి నెంబరు రేడియం, లారీ వెనక ఎర్ర స్టిక్కరు రేడియం, గోడ గడియారంలో చీకట్లో వెలిగే ముల్లు రేడియం. గడియారం ముల్లు పగటి వెలుగు తాగి చీకట్లో కక్కుతుంది. చొక్కా కూడా అంతే అనుకున్నాం. కాదని చెప్పవలసిన మనిషికి అప్పుడే ఫోను మోగింది.

మూడోదే తెప్పించారు. అందరికీ ఒక్కొక్కటి. ఆడవాళ్ళ సైజు లేదన్నారు. నాకొచ్చిన దాంట్లో నేనూ ఇంకో మనిషీ కాపురం చెయ్యొచ్చు. రెండు పక్కలా లోపలికి మడిచి పిన్నీసులు పెట్టుకున్నాను.

మొదటి రోజు ఇంటికి రాగానే బావ మెడ గోక్కుంటూ అక్క ముందు కూర్చున్నాడు.

"పొద్దుట్నుంచీ చీమ కుట్టినట్టుంది, చూడు."

అక్క చూసింది. లేబుల్. కత్తెరతో చటుక్కున కత్తిరించి చెత్తలో పడేసింది. కొత్త బట్ట ఇంటికొస్తే మేం చేసే మొదటి పని అదే. నాది కూడా తీసేసింది.

ఆ చలికాలం మంచు వదిలేది కాదు. మధ్యాహ్నం కూడా సూర్యుడు పాత బల్బులా ఉండేవాడు. తీగ మీద ఆరేసిన బట్ట సాయంత్రానికి ఇంకా బరువెక్కేది. రోజంతా తారు పొగలో తిరిగిన చొక్కా, ఉతక్కపోతే ఇంట్లోకి రానివ్వదు మా అక్క. ఉతికితే ఆరదు.

"ఎండే లేదు. దీనికి రేడియం ఎలా ఎక్కుతుందండీ?" అని బావని అడిగింది.

"అదే నేనూ చూస్తున్నా."

అక్క చొక్కా బల్ల మీద పరిచింది. "ఎండంటే వేడేగా. మన దగ్గర లేని వేడా?"

ఇస్త్రీ పెట్టె పట్టీల మీద ఆనించి నొక్కింది. గుడ్డ మీద మామూలుగా, పట్టీ మీద ఇంకాస్త ఎక్కువగా. పట్టు చీర అంచు మీద పెట్టేంత శ్రద్ధ పెట్టింది. చేతుల మీద మడత నిలబెట్టింది. మర్నాడు బావ సైటుకొస్తే అందరూ పని ఆపి చూశారు.

"పెళ్ళికొడుకొచ్చాడ్రోయ్! టిప్పరుకి పూలు కట్టండి!"

"మీ ఇళ్ళల్లో ఎవరూ మిమ్మల్ని పట్టించుకోకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు బావ, భుజం మీద లేని దుమ్ము దులుపుకుంటూ.

ఆ మాట పని చేసింది. వారం తిరక్కుండా రోలరన్న తన చొక్కా తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు. తర్వాత నీళ్ళ ట్యాంకరు కుర్రాడు. తర్వాత ఊడ్చే గుంపులో ఆడవాళ్ళు. కూలి జనం ఇస్త్రీ బట్టలేసుకుని రోడ్డు మీద నిలబడితే నాకూ గర్వంగానే ఉండేది. అక్క ఎవరికీ కాదనలేదు. అందరికీ రేడియం ఎక్కించింది.

పొగమంచు బాగా పట్టిన పొద్దున ఒకటి వచ్చింది. ఎదర ఊడుస్తున్నాను. వెనక బావ ఈల వినబడుతోంది. పొట్టి ఈల, పొట్టి ఈల. అంటే రా, రా. పొడుగు ఈల వస్తే ఆగు అని. పొడుగు ఈల మొదలైంది. సగంలో ఆగిపోయింది.

చీపురు పడేసి పరిగెత్తాను. టిప్పరు ఆగి ఉంది. బావ కుడి పాదం చక్రం కింద ఉంది. డ్రైవరు కిందకి దిగి, లైటు వెలుగులో చేతులు చాపి నిలబడి ఒకే మాట అంటున్నాడు.

"జెండా కనబడింది. మనిషి కనబడలేదు. డ్రమ్ముకి గుచ్చారనుకున్నా. జెండా కనబడింది..."

మనిషి పక్కకి వెళ్ళినప్పుడు జెండాని ఇసక డ్రమ్ములో గుచ్చి పోవడం మా సైటులో మామూలే. డ్రైవరు అబద్ధం చెప్పడం లేదు.

ఆసుపత్రిలో పాదం ముందు సగం తీసేశారు. కట్టు విప్పి కట్టేటప్పుడు బావ నా వైపు చూసి, "మీ అక్కకి చెప్పు, ఇక నుంచి ఒక మేజోడు సగమే ఉతికితే చాలు," అన్నాడు. అక్క గోడ వైపు తిరిగింది. నేను నవ్వాను. ఎవరో ఒకరు నవ్వకపోతే ఆయన తట్టుకోలేడు.

రెండు రోజుల్లో మేనేజరు పిలిచాడు. అదే రేకుల గది, అదే బల్ల.

"ఇందులో రెండే ఉన్నాయి. సరుకు లోపమా, మనిషి అజాగ్రత్తా. సరుకు లోపమైతే కంపెనీ చూసుకుంటుంది, మనిషికి కూర్చుని చేసే పని కూడా ఇస్తుంది. అజాగ్రత్త అయితే అలాంటి మనిషిని మళ్ళీ సైటులోకి రానివ్వం. ఏదో ఒకటి తేలాలి."

"తేలేదేముంది? నకిలీ సరుకు అంటగట్టారు," అని బల్ల చరిచాను.

సేఫ్టీ సారు స్టోరు నుంచి కొత్త చొక్కా ఒకటి తెచ్చాడు. బావ చొక్కా ఆసుపత్రి వాళ్ళు కత్తిరించి తీసింది తెచ్చాడు. రెండూ గోడకి తగిలించి, టార్చి చెంపకి పెట్టుకున్నాడు. ఒకటి భగ్గుమంది. ఇంకోటి పాత దినపత్రికలా ఊరుకుంది.

కొత్తదాని మెడ తిప్పి లేబుల్ నా ముందు పెట్టాడు. చీమలంత బొమ్మల్లో ఒకటి ఇస్త్రీ పెట్టె. దాని మీద అడ్డంగా రెండు గీతలు.

"ఈ పట్టీకి సొంత వెలుగు ఉండదండీ. మీద పడ్డ లైటుని వెనక్కి తిప్పి పంపిస్తుంది, అంతే. పైన సన్నటి గాజు పూసలుంటాయి. వేడి తగిలితే పోతాయి. దీన్ని ఎవరో ఇస్త్రీ చేశారు. ఒకసారి కాదు."

"ఎవరూ చెయ్యలేదు," అన్నాను.

రెప్ప వెయ్యకుండా అన్నాను. పోరాటంలో అబద్ధం పనికిరాదని చెప్పేవాళ్ళ ఇంట్లో సగం పాదం తెగిన బావ ఉండడు.

"రేపు పొద్దున గేటు దగ్గర అందరి ముందూ చెబుతాం," అన్నాడు మేనేజరు. ఏం చెబుతాడో ఆయన మొహంలోనే ఉంది.

ఇంటికొచ్చేసరికి అక్క ఎవరివో దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. పక్కన పెద్ద కుప్ప ఉంది.

"అక్కా, రేపు నిన్నెవరైనా అడిగితే, చొక్కాలు ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యలేదని చెప్పు."

"ఎందుకు?"

చెప్పక తప్పలేదు. గాజు పూసలు, వేడి, గీతలు కొట్టిన బొమ్మ. నేను చెబుతున్నంతసేపూ అక్క చెయ్యి ఆగలేదు. చివర్లో పెట్టె నిలబెట్టి, మేకుకున్న నా చొక్కా తీసి తొడుక్కుంది. వెనక గదిలోకి వెళ్ళి గోడకి నిలబడింది. సాయంత్రపు మసక అప్పటికే గదిలో నిండింది.

"టార్చి వెయ్యి."

"అక్కా, ఇప్పుడెందుకే..."

"వెయ్యవే."

చెంపకి పెట్టుకుని వేశాను.

"కనబడుతున్నానా?"

"మొహం కనబడుతోంది."

"మొహం సంగతి కాదు అడిగింది."

"లేదు."

అక్క చొక్కా విప్పి మేకుకి తగిలించింది. ముందు గదిలోకి వెళ్ళింది. పెట్టె ఇంకా వేడిగానే ఉంది. మిగిలిన గలీబులు కూడా పూర్తి చేసి, లెక్కగా మడిచి, మూట కట్టి పెట్టింది.

మర్నాడు గేటు దగ్గర అందరం మూగాం. టిప్పర్లు రెండు పొగలు కక్కుతూ లోపలికి పోవడానికి నిలబడి ఉన్నాయి. మేనేజరు గొంతు సవరించుకునేసరికి జనాన్ని తోసుకుంటూ అక్క వచ్చింది. చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది.

"ఆ చొక్కాకి ఇస్త్రీ చేసింది నేనే," అంది.

"విన్నారుగా," అన్నాడు మేనేజరు. ఆయన భుజాలు తేలికపడడం చూశాను.

"ఇంకా ఉంది, వినండి. ఆయనది ఒక్కటే కాదు. రోలరన్నా, నీది నేనే చేశాను. ట్యాంకరు తమ్ముడూ, నీది. అదిగో ఆ వదినది, ఆ వెనకావిడది. మా చెల్లిది. ఎండ లేదని, ఆ రేడియమేదో ఎక్కుతుందని కాల్చి కాల్చి పెట్టాను. చెయ్యకూడదని నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. మీకు తెలుసు." సేఫ్టీ సారు వైపు తిరిగింది. "తెలిసిన మీరు ఎవరికైనా చెప్పారా బాబూ?"

సేఫ్టీ సారు నేల చూశాడు. "లేదమ్మా."

నేను ఏం అరవాలా అని తల పైకెత్తాను. గేటు మీద బోర్డు ఉంది. రోజూ దాని కిందుగానే పోతాను. ప్రమాణం ప్రకారం మెరిసే జాకెట్ లేనిదే లోపలికి ప్రవేశం లేదు. అక్షరాలు మేనేజరంత పొడుగు.

"సారూ," అన్నాను, "ఆ బోర్డు మీదేగా?"

"మాదే. అయితే?"

"అయితే టార్చి తియ్యండి. ఒక్కొక్కరినీ చూసి పంపండి. మెరిసినవాళ్ళు లోపలికి, మెరవనివాళ్ళు బయట."

సేఫ్టీ సారు నా వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు. టార్చి తీశాడు. మంచు ఎలాగూ చీకటి లాగే ఉంది. రోలరన్న ముందుకొచ్చాడు. వెలగలేదు. పక్కకి వెళ్ళాడు. ట్యాంకరు కుర్రాడు. పక్కకి. ఊడ్చేవాళ్ళు వరసగా పక్కకి. గేటు అవతలికి వెళ్ళింది నలుగురు. సోమరిపోతులని పేరుపడి చొక్కా ఎప్పుడూ ఉతకనివాళ్ళు.

"ఏం తమాషా ఇది? సమ్మె చేస్తున్నారా?" అన్నాడు మేనేజరు.

"సమ్మె కాదు సారూ. పనికే వచ్చాం. మీ రూలు రానివ్వడం లేదు."

"సరే, ఈ ఒక్క పూటకి పోనీ. తారు చల్లారిపోతోంది."

"పంపలేను సార్," అన్నాడు సేఫ్టీ సారు. టార్చి దించలేదు. "నిన్న ఈ చొక్కా చూపించే కదా ఆయన్ని అజాగ్రత్త మనిషన్నాం. ఇవాళ తెలిసీ అదే చొక్కాతో ఇంతమందిని పంపితే ఎవరి అజాగ్రత్త అవుతుంది?"

తారు వేడి మీద ఉంటేనే తారు. చల్లారితే రాయి. రెండు టిప్పర్ల తారు ఆ పొద్దున మా కళ్ళముందే రాయి అయింది. ఆ తర్వాత మేనేజరు మమ్మల్ని లోపలికి పిలిచాడు.

"ఏం కావాలి మీకు?"

"బావకి పని కావాలి. ఇక నుంచి చొక్కాలు ఇంటికి రాకూడదు. ఇక్కడే మేకులు కొట్టించండి, ఇక్కడే ఉతికించండి, ఇక్కడే చూసి వెయ్యండి."

"మీ బట్టలు మేం ఉతకాలా?"

"మా బట్టలెక్కడివి? మీ బట్టలే. మేం పొద్దున వాటిలో దూరి సాయంత్రం బయటికొస్తాం, అంతే."

ఒప్పుకున్నాడు. మనసు మారి కాదు, మూడో టిప్పరు దారిలో ఉందని.

మంచు పలచబడుతున్న రోజుల్లో బావ కర్ర పట్టుకుని పనిలోకి వచ్చాడు. గేటు పక్కన చిన్న రేకు గది ఒకటి వేశారు, లోపల చీకటి ఉండేలా. స్టూలు మీద బావ, చెంప మీద టార్చి. ఒక్కొక్కరం మేకు నుంచి చొక్కా తీసి తొడుక్కుని, ఆయన ముందు గిర్రున తిరిగి, లోపలికి పోవాలి.

మొదటి పొద్దున నా వంతు వచ్చింది. తిరిగాను.

"మళ్ళీ తిరుగు."

తిరిగాను.

"పక్కల్లో పిన్నీసులు పెట్టి పట్టీ లోపలికి మడిచేశావు. ముందు నుంచి ఉన్నావు, వెనక నుంచి ఉన్నావు. పక్క నుంచి నువ్వు లేవు మరదలా. వెనక్కి పో."

"ఏంటి బావా, నాకు కూడానా?"

"వెనక్కి పొమ్మన్నాను."

నవ్వు కోసం ఆయన మొహం వెతికాను. లేదు.

"మైకు కనబడట్లేదంట! వినబడుతోందిగా, చాలదా?" అన్నాడు వెనక నుంచి ట్యాంకరు కుర్రాడు. వరసంతా నవ్వింది. ఆ రోజు నేను బయటే కూర్చున్నాను. వారంలో ఆడవాళ్ళ సైజు చొక్కాలు వచ్చాయి.

ముందు గదిలో ఇస్త్రీ బల్ల అలాగే ఉంది. వీధిలో సగం మంది బట్టలు ఇప్పటికీ అక్క చేతి మీదుగానే వెళతాయి. బావ బట్టలకి మాత్రం పెట్టె తగలదు. ఉతికి, దులిపి, ఆరేసి, మడిచి ఇస్తుంది. ఆయన ముడతల చొక్కాతోనే పనికి పోతాడు, పెళ్ళిళ్ళకి కూడా పోతాడు.

ఒకసారి అద్దం ముందు నిలబడి అడిగాడు. "ఇస్త్రీ ఆవిడ మొగుణ్ణే నేను. కనీసం కాలరైనా నొక్కవే."

అక్క ఎవరిదో చొక్కా తిప్పి వేసి, దాని వీపు మీద పెట్టె నడిపింది.

"కనబడుతున్నారుగా. చాలు," అంది.